పెదాలు కలిసే చోటు

ఒనిడా టీవీ ప్రకటన మొదలవగానే నేను అమ్మమ్మ వెనక్కి వెళ్లి దాక్కునేవాణ్ణి. గుండు మీద కొమ్ములు, వెనకాల తోక, ఆ నవ్వు. వాడి ఒంటి మీద ఆకుపచ్చ ఉంటుందని మాత్రం చాలా ఏళ్లకు గానీ తెలీలేదు. మాది బ్లాక్ అండ్ వైట్ టీవీ మరి.

1980ల్లో ప్రకటనలు తీసే గోపీ కుక్డే వాళ్లు పుట్టించిన దెయ్యం అది. 'నైబర్స్ ఎన్వీ, ఓనర్స్ ప్రైడ్' అనేది నినాదం. పక్కింటివాడి ఓర్వలేనితనానికి కొమ్ములు మొలిపించారన్నమాట. అమ్మమ్మకి ఇంగ్లిష్ ముక్క రాదు. అయినా విషయం పట్టేసింది, కాకపోతే తిరగేసి. "భయమెందుకురా, దిష్టిబొమ్మ అది. కొత్త టీవీ కదా, కళ్లు పడతాయని కంపెనీవాళ్లే పెట్టుకున్నారు" అంది. ఆ సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ తీసుకుని మా టీవీకి కూడా దిష్టి తీసింది. మాది ఒనిడా కాదని చెప్పినా వినలేదు.

తర్వాత నేను ఈ వ్యాపారంలోకే వచ్చిపడ్డాను. హిందీ ప్రకటనలకు తెలుగు మాటలు రాస్తాను. ప, బ, మ పలికితే పెదాలు కలుస్తాయి. తెర మీద నటుడి పెదాలు ఎక్కడ కలిశాయో అక్కడ మన మాటలోనూ ఆ అక్షరాల్లో ఒకటి పడాలి. అర్థం, నిడివి, నోరు, మూడూ కుదరాలి. కుదరకపోతే ఏమవుతుందో రోజూ చూస్తూనే ఉన్నాం: బొంబాయి వంటింట్లో కోడలు నోరు మూసేసినా తెలుగు మాత్రం ఇంకా వినబడుతూ ఉంటుంది.

నోటితో పనిలేని చోట కూడా మాట దెబ్బతీస్తుంది. 2012 అక్టోబరు నుంచి, పొగ తాగే సీన్లున్న సినిమాకి మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి 30 సెకన్ల హెచ్చరికలు వేయాలన్నారు. 'ఈ నగరానికి ఏమైంది?' వచ్చింది అలాగే. మొదటిసారి విన్నప్పుడు హాలు గమ్మున ఉంది. మూడో సినిమాకి ముందు వరసలవాళ్లు ఆ గొంతుతో పాటే అప్పజెబుతున్నారు. అంతమంది చేత కోరస్ పాడించే హెచ్చరికకి ఎవడు భయపడతాడు? అరిగిపోయేదాకా వేశారు, అందుకే అని అందరూ అంటారు. నాకు మాత్రం తప్పు 'నగరం' దగ్గరే కనిపిస్తుంది. హిందీలో అది 'షహర్'. రిక్షావాడూ అంటాడు, కవీ అంటాడు. మనలో నగరం అని నోటితో అనేదెవరు? ఊరంటాం, పట్నమంటాం, సిటీ అంటాం. ఆ ఒక్క మాటతో పొగ గోల కాస్తా పౌరాణిక నాటకంలో మహారాజు పలవరింత అయిపోయింది. 'ఈ ఊరికేమైంది' అని రాసుంటే నవ్వేవాళ్లు కాదేమో. గుర్తూ పెట్టుకునేవాళ్లు కాదు. 2018లో తరుణ్ భాస్కర్ తన సినిమాకి పేరుగా పెట్టుకున్నది ఆ నగరాన్నే.

ఇంకొకరి మాటకి వంక పెట్టడం నాకు తగదు. ఒక నొప్పుల మందు ప్రకటనలో పిల్లాడు ముసలావిడ చుట్టూ గంతులేస్తూ అరుస్తాడు. వాడి పెదాలు ఎన్నిసార్లు కలిశాయో లెక్కపెట్టుకుని "అమ్మమ్మ నొప్పి పోయింది!" అని రాశాను. అచ్చుగుద్దినట్టు కూర్చుంది. వారం రోజులు కాలరెగరేశాను. తర్వాత 20 సెకన్ల ప్రకటనని 10కి కుదించారు. కోతలో 'నొప్పి' సరిగ్గా డప్పు దెబ్బ కింద పడింది. దాంతో రాష్ట్రమంతా ఓ పిల్లాడు సంబరంగా గంతులేస్తూ "అమ్మమ్మ... పోయింది!" అని చాటింపు వేశాడు.

ఫోన్లు వచ్చాయి. 'తగ్గింది' అని మార్చి మళ్లీ రికార్డు చేయించారు. అది ఇంకా వస్తోంది, ఎవరికీ ఏ లోపమూ కనబడలేదు. నేను మాత్రం అది వచ్చినప్పుడల్లా వాడి మూతే చూస్తాను. 'త' దగ్గర పెదాలు కలుస్తాయి.