కింది గేరులోనే అసలు పనితనం

మంచి డ్రైవరు నడిపే బండిలో గేరు మారిన సంగతి చెవికి తెలుస్తుంది, మెడకు తెలియదు. ఇంజన్ గొంతు మారుతుంది, అంతే. కొత్తగా నేర్చుకున్నవారి బండిలో మాత్రం సెకండ్ నుంచి థర్డ్‌కి వెళ్లిన ప్రతిసారీ వెనక సీటులోని తలలన్నీ ఊగుతాయి. “క్లచ్ మెల్లగా వదులు” అంటాడు పక్కనున్న గురువు. ఆ మాట తప్పు కాదు గానీ, విషయంలో అది సగమే.

మిగతా సగం వేగాల లెక్క. ఒక చిన్న కారు సెకండ్ గేరులో, ఇంజన్ నిమిషానికి 3,000 సార్లు తిరుగుతూ పోతోందనుకుందాం. గేర్ల నిష్పత్తులు 1.9, 1.3 అయితే, అదే వేగంలో థర్డ్‌కి ఇంజన్ 2,050 సార్లు తిరిగితే చాలు. క్లచ్ తొక్కి, ఎక్సలేటర్ వదిలి, తొందరపడకుండా గేర్ రాడ్డును న్యూట్రల్ మీదుగా జరిపేలోపు ఇంజన్ తనంతట తానే నెమ్మదించి ఆ అంకె దగ్గరికి వస్తుంది. సరిగ్గా అప్పుడు క్లచ్ వదిలితే కుదుపే ఉండదు. ముందే వదిలేస్తే బండి దూకుతుంది. ఆలస్యమైతే ఎవరో వెనక్కి లాగినట్టవుతుంది.

సింక్రోమెష్ ఉండగా ఈ లెక్కలెందుకని అడిగేవారున్నారు. 1929 మోడల్ క్యాడిలాక్ కార్లతో వచ్చిన ఆ అమరిక, గేర్‌బాక్సులో జత కలవాల్సిన భాగాలను రాపిడితో ఒకే వేగానికి తెస్తుంది. అది లేని బండ్లలో డ్రైవర్లు క్లచ్ రెండుసార్లు తొక్కి, మధ్యలో న్యూట్రల్‌లో రేస్ ఇచ్చి, చెవితో విని గేరు వేసేవారు. పాత అంబాసిడర్‌కు ఫస్ట్ గేరులో సింక్రోమెష్ లేదు. ఆ బండి మీద చెయ్యి తిరిగినవారికి గేరు దగ్గర ఓపిక దానంతటదే వచ్చింది. అయితే సింక్రోమెష్ చేసేదంతా గేర్‌బాక్సు లోపలి పనే. క్లచ్‌కు అవతలున్న ఇంజన్ వేగాన్ని అది సరిచేయలేదు. ఆ తేడా అంతా క్లచ్ ప్లేటు మీద పడుతుంది. అది జారుతూ, వేడెక్కుతూ, అరిగిపోతుంది.

పై గేరుకు ఇంజన్ తనే దిగివస్తుంది. కింది గేరుకు మారేటప్పుడు అలా కాదు, దాన్ని పైకి తీసుకెళ్లాలి. క్లచ్ తొక్కి ఉండగానే ఎక్సలేటర్‌ను ఒక్కసారి తట్టి, ఇంజన్ వేగం పెరిగాక క్లచ్ వదలాలి. కదులుతున్న బస్సెక్కేవాడు ముందు దానితోపాటు నాలుగడుగులు పరుగెత్తినట్టే ఇది. మన డ్రైవింగ్ పాఠాల్లో పెద్దగా వినిపించనిది ఈ ముక్కే.

తిరుమల ఘాట్‌లో దీని విలువ తెలుస్తుంది. 1944లో ప్రారంభమైన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు కొండ దిగడానికి వాడుతున్నారు. దారి పొడవునా బ్రేకులనే నమ్ముకుంటే అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. సెకండ్‌లో దిగితే ఇంజనే బండిని పట్టుకుంటుంది. ఆ గేరు మలుపులో కాదు, మలుపుకు ముందే పడాలి. తడి రోడ్డు మీద, మలుపు మధ్యలో క్లచ్ దభీమని వదిలితే చక్రాలు జారే ప్రమాదముంది. డీజిల్ ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దిగేవారిది మరీ ప్రమాదకరమైన అలవాటు. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉండి ఎక్సలేటర్ వదిలితే ఇంధనం దాదాపు పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనే, ఇంజన్ ఆగకుండా ఉండేందుకు కొంత ఖర్చవుతుంది.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో, లైసెన్సు పరీక్షలో చూడాల్సిన వాటిలో పల్లంలో త్వరగా కింది గేరుకు మారడం కూడా ఉంది. చదును మైదానంలో ఎనిమిది అంకె తిప్పించి పంపితే ఆ నియమం కాగితం మీదే మిగిలిపోతుంది. డ్రైవింగ్ స్కూళ్లు ఒక్క ఉదయమైనా నేర్చుకునేవారిని ఏదైనా ఫ్లైఓవర్ మీదికి తీసుకెళ్లి, థర్డ్ నుంచి సెకండ్‌కి కుదుపు లేకుండా మార్చే వరకూ దింపించాలి.