కైఫియతులో మావాళ్ళు ఎక్కడ?

గ్రామ కైఫియతులను గురించి తరగతిలో నేను పదేళ్ళుగా ఒకే మాట చెపుతూ వచ్చాను. తెలుగు ప్రజలు తమ చరిత్రను తామే చెప్పుకున్న తొలి వచనం అది అని. మంగళగిరి విద్యార్థులకు ఈ మాట రుచిస్తుంది. కొండవీడు, అమరావతి, వాసిరెడ్డివారు వంటి పేర్లు వాళ్ళకు పుస్తకంలోకన్నా ముందే తెలుసు. వెంకటాద్రి నాయుడు 1807-09 మధ్య కట్టించిన పదకొండు అంతస్తుల గోపురం కిందుగానే వాళ్ళు కళాశాలకు వస్తారు. అయితే ఆమధ్య పాఠం ముగిశాక, నేత యింటి అమ్మాయి ఒకతె లేచి, "మాస్టారూ, ఇందులో మావాళ్ళు ఎక్కడున్నారండీ?" అని అడిగింది. ఆనాడు నేనేదో చెప్పి తప్పించుకున్నాను. ఆ ప్రశ్న తప్పించుకోదగింది కాదని తర్వాత తెలిసివచ్చింది. ఈ వ్యాసం ఆమెకు నేను బాకీపడిన జవాబు.

ముందుగా కైఫియతుల పుట్టుకను గురించి రెండు మాటలు. 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ, దేశపు కొలతలతోపాటు దేశపు జ్ఞాపకాలనుకూడా సేకరించాడు. ఆయనకు భారతీయ భాషలు రావు. ఊరూరా తిరిగి, కరణాల యిండ్లలోని దండకవిలెలు విప్పించి, శాసనాలకు నకళ్ళు తీయించి, వృద్ధులచేత చెప్పించి వ్రాయించినవారు మనవాళ్ళు. వారిలో ముఖ్యులు ఏలూరుకు చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. బొర్రయ్య 1776లో పుట్టి 1803లోనే పోయాడు. భారతీయ విజ్ఞానంలోకి తనకు ద్వారం తెరిచినవాడు అతడేనని 1817లో ఒక ఉత్తరంలో మెకంజీయే ఒప్పుకున్నాడు. రామస్వామి 1829లో కలకత్తానుంచి దక్కను కవుల జీవిత చరిత్రలను ఇంగ్లీషులో ప్రకటించాడు.

ఈ సోదరులకు జరిగిన అన్యాయం సామాన్యమైనది కాదు. 1821లో మెకంజీ మరణించాడు. 1828లో విల్సన్ ఆ సంపుటాలకు పట్టిక వేసేనాటికి అదంతా మెకంజీ సేకరణ అనే పేరుతో స్థిరపడిపోయింది. ఆగిపోయిన పనిని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య 1833లో అర్జీ పెట్టుకుంటే, కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీవారు తోసిపుచ్చారు. స్వదేశీయుడు సహాయకుడుగా పనికివస్తాడుగాని, అటువంటి పరిశోధనకు కర్తగా వుండజాలడని వారి నిర్ణయం. ముప్ఫయ్యేళ్ళు పనిచేసినవాడికి దక్కిన మర్యాద యిది! కాబట్టి కావలి సోదరులను కర్తలుగా గుర్తించాలని వాదించడం న్యాయమే. నేనూ ఆ వాదం చేస్తూనే వచ్చాను.

కైఫియతుల వచనానికి యివ్వవలసిన గౌరవం కూడా యివ్వాలి. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడింది, బాలవ్యాకరణం 1858లో. వాటికి దాదాపు నలభైయేళ్ళముందే, ఊరివాళ్ళు మాట్లాడుకునే తెలుగులో, ఉర్దూ ఫారసీ మాటల జంకు లేకుండా, చెప్పదలచింది నేరుగా చెప్పిన వచనం యిది. వ్యవహార భాషకు సాహిత్య గౌరవం లేదన్నవారికి యింతకన్న సాక్ష్యం అక్కరలేదు.

అయితే, కర్త యెవరు అనే ప్రశ్నతో మన పని తీరదు. ఆ కర్త "మనవాళ్ళు" అన్నప్పుడు అతని మనస్సులో మెదిలింది ఎవరు? ఆ అమ్మాయి ప్రశ్నలోని పదును యిక్కడే వున్నది.

గుంటూరు సీమ కైఫియతులను వరసగా చదివినవారికి ఒక ఘట్టం పదేపదే ఎదురవుతుంది. గణపతిదేవుని ప్రధాని గోపరాజు రామన్న, శాలివాహన శకం 1067లో, సూర్యగ్రహణ కాలమందు ప్రభువువద్ద దానంపట్టి బ్రాహ్మణులకు గ్రామ కరణీకపు మిరాశీలు యిచ్చాడని ఆ కథ. శకం 1067 అంటే క్రీ.శ. 1145. గణపతిదేవుడు రాజ్యం చేసింది 1199 నుంచి 1262 వరకు. తేదీకి, రాజుకు పొత్తు కుదరదు. అయినా ఆ కథ ఊరినుంచి ఊరికి మారకుండా నడిచింది. ఎందుకు? కవిలె కరణం యింట వున్నది; చెప్పేవాడు కరణం; అడిగించే కంపెనీ సర్కారు చేతిలోనే మిరాశీలు నిలవడమూ, పోవడమూ వున్నది. తన హక్కుపత్రాన్ని అతడు ఊరి చరిత్రలో మొదటి పుటలకే కుట్టిపెట్టాడు. ఆ తర్వాత వచ్చేది దేవస్థానాలు, మాన్యాలు, అమీళ్ళు, జమీందార్లు, పంపకాలు. నేతగాడు, మాల, మాదిగ, చాకలి వచ్చినప్పుడు ఎక్కువగా యిచ్చే పన్నుగానో, చేసే పనిగానో, పొందే మాన్యంగానో వస్తారు. తమ కథ తాము చెప్పేవారుగా రావడం బహు అరుదు.

ఇది మన దేశానికే ప్రత్యేకమైన చిక్కు కాదు. ఉత్తర అమెరికాలో సుపీరియర్ సరస్సు చుట్టూ నివసించే ఓజిబ్వే జాతివారి తొలి రచయితలను చూడండి. జార్జి కాప్‌వే 1850లో తన జాతి సంప్రదాయ చరిత్రను ప్రకటించాడు. పీటర్ జోన్స్ వ్రాసిన చరిత్ర అతడు పోయిన అయిదేళ్ళకు, 1861లో వెలువడింది. తల్లివైపున ఓజిబ్వే అయిన విలియం వారెన్ దుబాసీగా పనిచేస్తూ, వృద్ధుల నోట విని, ఒకరు చెప్పినదాన్ని మరొకరు చెప్పినదానితో సరిచూసి పెద్ద గ్రంథం వ్రాశాడు. ప్రచురించేవారు దొరకకుండానే 1853లో ఇరవై యెనిమిదేళ్ళకే కన్నుమూశాడు. ఆ గ్రంథం అచ్చయింది 1885లో. జేన్ జాన్‌స్టన్ అనే ఓజిబ్వే రచయిత్రి, ఆమె పుట్టింటివారు అందించిన కథలు ఆమె భర్త స్కూల్‌క్రాఫ్ట్ పేరుమీద 1839లో పుస్తకంగా వచ్చాయి. వాటి ఆధారంతోనే లాంగ్‌ఫెలో 1855లో హయవాథా కావ్యం కట్టాడు. లక్ష్మయ్యకు, ఈమెకు జరిగినదానిలో పోలిక చెప్పనక్కరలేదు.

పోలిక అక్కడే ఆగదు. కాప్‌వే, జోన్స్ ఇద్దరూ క్రైస్తవ బోధకులు. తమ పూర్వుల మతాన్ని అభిమానంతోనూ, బోధకుని జంకుతోనూ వర్ణించారు. వారెన్ గ్రంథంలో డకోటాలతో యుద్ధాలకు, నాయకులకు దక్కిన చోటు ఆడవాళ్ళ బ్రతుకుకు దక్కలేదు. తనవారి చరిత్ర తానే వ్రాసినంతమాత్రాన ఎవరూ తనవారందరి చరిత్ర వ్రాసినట్లు కాదు. కాని ఒక భేదం గమనించాలి. భూములు చేజారిపోతున్న జాతికోసం వారెన్ వ్రాశాడు. మన కరణం, ఊళ్ళో భూమి ఎవరిదో నిర్ణయించే లెక్కను చేతపట్టుకొని వ్రాశాడు. మొదటివాడి లోపం చూపు చాలకపోవడం. రెండవవాడి లోపంలో స్వప్రయోజనం వున్నది.

మరి కరణం వ్రాయనివారికి చరిత్ర లేదా? ఓజిబ్వేలకు బూర్జచెట్టు బెరడుపై బొమ్మలుగా గీసిన చుట్టలు వున్నాయి. మనకు పటం కథలు వున్నాయి. పద్మశాలీలకు మార్కండేయుని, భావనారుషిని గురించిన పురాణం వున్నది. మాదిగలకు జాంబపురాణం వున్నది. దానిని పటం విప్పి చెప్పేవారు, వారిని ఆశ్రయించి బ్రతికే డక్కలివారు. భూమికన్న ముందే జాంబవంతుడు పుట్టాడని చెప్పే ఆ కథ, ఊరి చివరకు తోయబడినవారు ఊరికన్న తామే పాతవారమని చేసిన వాదం. ఇవి పుక్కిటి పురాణాలు, చరిత్ర కావు అని కొందరు పండితులు అంటారు. సరే; గోపరాజు రామన్న తేదీనికూడా అదే త్రాసులో తూచవద్దా? కవిలెకెక్కిన కట్టుకథ ఆధారం, పటానికెక్కిన కట్టుకథ మూఢత్వం అనడం ఏ విమర్శ సూత్రం? రెండింటినీ శంకించాలి, రెండింటినీ చదవాలి. ఏ కథ ఎవరి హక్కును కాపాడుతున్నదో రెండింటినీ అడగాలి.

ఈ గుంటూరు సీమలోనే ఆ వాదాన్ని కావ్యానికెక్కించినవాడు జాషువా. 1895లో వినుకొండలో పుట్టిన ఈ కవి 1941 గబ్బిలంలో, గుడి తలుపు తెరుచుకోని మనిషిచేత కాశీలోని శివునికి సందేశం పంపించాడు. గబ్బిలం వెళ్ళే దారి పొడుగునా ఆంధ్రుల పూర్వవైభవ స్థలాలు వస్తాయి. కరణం వ్రాసినది ఆ స్థలాల చరిత్రే. కాని యిక్కడ దానిని చూపే వేలు మారింది. ఆ వైభవంలో వాటా దక్కనివాడు దానిని తనదిగా చెప్పుకుంటూనే లెక్క అడుగుతున్నాడు. 2000లో జి. కల్యాణరావు అంటరాని వసంతంలో ఇంకొక అడుగు వేశాడు. కరువునాటి వలసలు, బకింగ్‌హామ్ కాలువ తవ్వకం, పాటకట్టిన దళిత కళాకారులు అందులో ఒక కుటుంబపు జ్ఞాపకంగా నడుస్తాయి. దానిని నవలగా మెచ్చుకొని ఊరుకోవడం చాలదు. కైఫియతు వదిలేసిన పుటలుగాకూడా చదవాలి.

ఆనాటి కరణాన్ని నేటి విలువలతో తప్పుపట్టడం న్యాయమా అని కొందరు మిత్రులు అడుగుతారు. నేను తప్పుపట్టేది కరణాన్ని కాదు. సర్కారు అడిగింది అతడు చెప్పాడు, తనకు కావలసింది కలుపుకున్నాడు. తప్పు నాది. అతడి హక్కుపత్రాన్ని ప్రజల చరిత్ర అని విద్యార్థులకు బోధించాను. ఆ మాట వెనక్కు తీసుకుంటున్నాను. కైఫియతు ఊరిని గురించి ఊళ్ళోని అధికారి వాంగ్మూలం. వాంగ్మూలంగా అది అమూల్యం, తీర్పుగా చెల్లదు.

ఇప్పుడు కైఫియతు పాఠంతోపాటు ఒక పని యిస్తున్నాను. ప్రతి విద్యార్థీ తన యింటి వృద్ధులను అడిగి నాలుగు పుటలు వ్రాసుకురావాలి. ఆ అమ్మాయి తన తాతగారి మాటలు వ్రాసి తెచ్చింది. వీధిలో పడుగు సాచే తెల్లవారుజాములు, నూలు ధర పెరిగిన యేడు, గుంటమగ్గం వదిలి కూలికి పోయిన పినతండ్రి, నాడె చేతబట్టకపోయినా కండెలు చుట్టి యిల్లు నడిపిన నాయనమ్మ అందులో వున్నారు. నాయనమ్మ పేరు వున్నది, ఆమె చుట్టిన కండెల లెక్క లేదు. "ఆవిడనే అడక్కపోయావా అమ్మా?" అన్నాను. "అడగాలని తోచలేదు మాస్టారూ, ఇవాళ వెళ్ళి అడుగుతాను" అన్నది. అయిదవ పుట మరునాడు వచ్చింది.