నలుపులో వెలుతురు

నల్లబొమ్మ అంటే నిరాశావాదమే అన్న అభిప్రాయం మన విమర్శకుల్లో ఇంకా బలంగానే ఉంది. నాలోనూ ఉండేది. నాచారం పారిశ్రామికవాడ నుంచి వచ్చే మా విద్యార్థి ఒకడు, రాత్రి షిఫ్టు దిగి ఉప్పల్ వైపు నడిచే కార్మికులను బొగ్గుతో గీసి చూపించాడు. "అంతా చీకటేనా? ఒక మూల ఉదయించే సూర్యుణ్ణి వెయ్యకూడదా?" అన్నాను. "వెలుతురు వాళ్ళ మొహాలమీదే ఉంది కద సార్" అన్నాడు. చూస్తే నిజమే. కాగితమంతా బొగ్గుపొడి రుద్ది, చెక్కిళ్ళూ భుజాలూ ఉన్నచోట రబ్బరుతో తుడిచి వెలుతురు తీశాడు.

తెల్లరంగు వాడని చిత్రకారుడికి కాగితమే వెలుతురు. బొగ్గయితే వేసిన నలుపును కొంత వెనక్కి తీసుకోవచ్చు. సిరాకు ఆ అవకాశం లేదు. చెయ్యి ఎక్కడ ఆగాలో ముందే తెలియాలి. మన లక్ష్మా గౌడ్ పనిచేసిన ఎచింగులో ఆమ్లం తిన్న గీతల్లో సిరా నిలుస్తుంది, తినని చోట కాగితం వెలుగుతుంది. సాధనం ఏదైనా, వెలుతురు పైనుంచి అతికించే అలంకారం కాదు. నలుపుకు హద్దు నిర్ణయించడం.

1943 బెంగాల్ కరువును జైనుల్ అబెదిన్ చవక పొట్లాల కాగితం మీద నల్లసిరాతో గీశాడు. ఆ కాగితం తెల్లనిది కూడా కాదు. గీత లేనిచోట అదే ఎండిన చర్మం, అదే ఎండిన నేల. ఆ వెలుతురు ఓదార్చదు, తప్పించుకోనివ్వదు. అదే కరువులో మిద్నాపూర్ జిల్లా తిరిగి చిత్తప్రసాద్ తెచ్చిన 'హంగ్రీ బెంగాల్' ప్రతులను బ్రిటిష్ ప్రభుత్వం పట్టుకుని ధ్వంసం చేసింది. అవి నిరాశను పంచే బొమ్మలే అయితే ప్రభుత్వానికి అంత భయమెందుకు?

అలాగని నల్లనిదంతా గొప్పదనను. దైన్యాన్ని అమ్ముకునే నలుపూ ఉంది. అందులో నీడలే గాని మొహాలుండవు. మనిషి కనిపిస్తున్నాడా, అతని దుఃఖం మాత్రమే కనిపిస్తోందా అన్నదే పరీక్ష.

ఆ పరీక్షకు మా విద్యార్థి బొమ్మా నిలవాలి. అతను అందరి మొహాలమీదా ఒకే తీరున వెలుగు తీశాడు. దీపం ఎటువైపుందో తెలియదు. దిక్కులేని వెలుతురు నేనడిగిన సూర్యుడికి తమ్ముడే. ఆ మాట చెప్పాను. అతను కాసేపు ఆలోచించి, దీపానికి పెడగా నడుస్తున్న ఇద్దరి మొహాలమీద మళ్ళీ బొగ్గు రుద్దాడు. బొమ్మ మరింత నల్లబడింది. మిగిలినవాళ్ళు ఇప్పుడు నిజంగా వీధిలో నడుస్తున్నారు.