రెండు పుస్తకాల్లో మారిషస్ పక్షి

1865లో అచ్చయిన 'ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్'లో డోడో రెక్కల కిందనుంచి మనిషి చేతులు బయటికొస్తాయి. ఒక చేత్తో కర్ర పట్టుకుంటుంది. టెనియల్ గీసిన ఆ బొమ్మ చూస్తే పక్షిలా ఉండదు, ఏదో సభకు అధ్యక్షత వహిస్తున్న పెద్దమనిషిలా ఉంటుంది. అందరూ గెలిచే పరుగుపందెం పెట్టించి, ఆలిస్ జేబులోంచి తీసిన కుట్టుపని వేలితొడుగునే ఆమెకు బహుమతిగా ఇస్తుంది, అదీ ఎంతో గంభీరంగా. లూయిస్ కారొల్ హాస్యం ఇంత మెత్తగా కుదిరిన చోటు ఆ పుస్తకంలో ఇంకోటి లేదంటాను.

కానీ అందులో మారిషస్ లేదు. చెట్టు లేదు, చిత్తడి లేదు. డచ్చివాళ్లు 1598లో ఆ దీవిలో దిగారు. డోడో కనబడిందని నమ్మదగిన చివరి దాఖలా 1662 నాటిది. కారొల్ ఉన్న ఆక్స్‌ఫర్డ్‌లో మిగిలింది ఎండిన తల, ఒక కాలు, ఓ చిత్రపటం.

రెండో పుస్తకంలో మారిషస్ ఉంది. జెరాల్డ్ డరెల్ 'గోల్డెన్ బ్యాట్స్ అండ్ పింక్ పిజన్స్' (1977) నిండా చెమట వాసన. రాత్రిపూట చెట్లమీద కునికే గులాబీ పావురాల కోసం వెతుకులాట. రోడ్రిగ్స్ దీవి గబ్బిలాలకు ఎరగా మోసుకెళ్లిన పనసపండు. వేసవిలో పనసపండుతో బస్సెక్కినవాళ్లకు ఆ ఘట్టం విడమరిచి చెప్పక్కర్లేదు.

వాక్యం దగ్గర మాత్రం డరెల్ తేలిపోతాడు. నవ్వించాలన్న ఆత్రంలో పోలిక మీద పోలిక పేరుస్తాడు. కారొల్ ఒక్క మాటతో తేల్చేసేదానికి ఈయనకు పేరా కావాలి. అయినా పక్షిని పక్షిగా చూసింది ఈయనే. ఆయన జెర్సీలో పెట్టిన జంతుశాలకు గుర్తు డోడో. అక్కడ పెంచినవి మాత్రం బతికున్న పావురాలు. 1990 ప్రాంతంలో అడవిలో పదికి అటూఇటుగా మిగిలిన జాతి ఇప్పుడు వందల్లో ఉంది. ఆ పుస్తకం ముగిసిన చోటే అసలు పని మొదలైంది.

అడవి కొట్టి చెరకు వేసిన మారిషస్‌కు మన కోస్తా నుంచీ కూలీలు వెళ్లారు. ఉగాదికి అక్కడ ఇప్పటికీ ప్రభుత్వ సెలవు. కారొల్ కథలో వాళ్లకు చోటుండే వీల్లేదు. డరెల్ చూపూ ఎక్కువగా కొమ్మల మీదే.

ఆలిస్ వెలువడిన 1865లోనే, మహేబూర్గ్ బడిపంతులు జార్జ్ క్లార్క్ దగ్గర్లోని మార్-ఓ-సాంజ్ మడుగులోకి మనుషుల్ని దించాడు. బురదలో వట్టికాళ్లతో తడిమి వాళ్లు డోడో ఎముకలు పైకి తీశారు.