రిక్సియా ఆదిమమైనదా? కాశ్యప్ గ్రంథముపై ఒక విమర్శ

వానలు పట్టిన కొలదిదినములకు పొలముగట్లమీదను, పాతగోడల మొదళ్లయందును చిన్నచిన్న ఆకుపచ్చని చక్రములు నేలకు అంటుకొని కనబడును. రెండేసిగా చీలుచు పోయిన పలుచని తమ్మెలు ఒకచోట గుమిగూడి రేకులవలె పరచుకొని ఉండును. ఇది రిక్సియా అను లివర్‌వర్టు. బ్రయోఫైటా పాఠము చాలకాలముగా దీనితోనే ఆరంభమగుచున్నది. తరువాత మార్కాన్షియా, ఆ తరువాత ఆంథోసిరాస్, కట్టకడపట ఫ్యునేరియా అను మాసు. తేలికైనది ముందు, చిక్కైనది వెనుక అను ఈ వరుస బోధనకు అనుకూలమే. చిక్కెక్కడనగా, ఈ పాఠక్రమమే పరిణామక్రమమని విద్యార్థి తలచును. మనమును అనేకసారులు అట్లే చెప్పుదుము.

ఈ అభిప్రాయమును గట్టిగా ఎదిరించిన భారతీయుడు శివరామ్ కాశ్యప్. లాహోరులో వృక్షశాస్త్రాచార్యుడుగా పనిచేసిన ఈయన పశ్చిమ హిమాలయములయందును, పంజాబు మైదానమునందును పెరుగు లివర్‌వర్టులనుగూర్చి వ్రాసిన గ్రంథము మొదటిభాగము 1929లోను, రెండవది 1932లోను వెలువడినవి. రెండవ భాగమునకు ఆర్. ఎస్. చోప్రా సహరచయిత. పైకి చూచిన నిది మొక్కల పట్టిక. వర్ణనలు, పటములు, దొరికిన తావులు, ఇంతే. కథవలె చదువుకొనుటకు వ్రాసినది కాదు. కాని ఈ వర్ణనల వెనుక ఒక వాదమున్నది. దానిని కాశ్యప్ 1919లోనే బయటపెట్టినాడు.

వాదమును గ్రహించుటకు నాలుగు మొక్కలను ఒకచోట పెట్టి చూడవలెను. మార్కాన్షియాలో స్త్రీబీజాశయములు గొడుగువంటి నిర్మాణముమీద ఉండును. ఆ గొడుగునకు పొడుగైన కాడ కలదు. టార్జియోనియాలో గొడుగు లేదు, కాడ లేదు. స్త్రీబీజాశయములు థాలస్ కొననే ఉండును. కార్సీనియాలో అవి థాలస్ పైభాగమున గుంటలలో ఉండును. రిక్సియాలో పూర్తిగా థాలస్ లోపల దిగబడిపోయినవి. సిద్ధబీజదమును పరికించినను ఇట్లే. మార్కాన్షియాకు పాదము, చిన్న కాడ, గుళిక, గుళికలో సిద్ధబీజములను వెదజల్లు ఎలేటర్లు కలవు. రిక్సియాకు ఉన్నది గుళిక ఒక్కటే.

బవర్ 1908లో ప్రకటించిన సిద్ధాంతమును అనుసరించువారు దీనిని క్రిందినుండి మీదికి చదివిరి. వారి ప్రకారము మొదట రిక్సియా. తరువాత కణములు కొన్ని వంధ్యములై పాదము, కాడ, ఎలేటర్లు ఏర్పడినవి. కాశ్యప్ అదే వరుసను మీదినుండి క్రిందికి చదివినాడు. కాడ కురుచయై, గొడుగు అదృశ్యమై, అంతయు థాలస్‌లో అణగిపోయిన కడపటి దశయే రిక్సియా అని ఆయన మతము. ఆయన హిమాలయములలో కనుగొని వర్ణించిన స్టీఫెన్సోనియెల్లా జాతి పేరులోనే కురుచకాడ అను అర్థము వచ్చు మాటను చేర్చినాడు.

మెట్లు అవే. ఒకరు ఎక్కిరి, ఒకరు దిగిరి. మెట్లను ఎంతసేపు చూచినను ఎక్కినవాని అడుగులో దిగినవాని అడుగులో తెలియదు. కాశ్యప్ వాదములోని బలహీనత ఇదియే. ఆయన ప్రతిపక్షులకును ఇదే వర్తించును. నడిమి రూపములను ఎన్నిటిని కనుగొన్నను అవి దారిని చూపునేగాని దిక్కును చూపవు.

అయినను ఆయన పక్షమున కొన్ని మంచి ఆనవాళ్లున్నవి. రిక్సియాకు అడుగున పొలుసులు, నున్నని రైజాయిడ్‌లు, లోపలిగోడపై బొడిపెలు గల రైజాయిడ్‌లు, మార్కాన్షియాకు ఉన్నట్లే ఉన్నవి. ఇంత పరికరము కలిగిన మొక్కను ఆదిమమనుట ఎట్లు? పైగా, రిక్సియా సిద్ధబీజములు పెద్దవి. థాలస్ కుళ్లినగాని బయటపడవు. వెదజల్లవలసిన పని లేనప్పుడు కాడ ఎందుకు, ఎలేటర్లు ఎందుకు? నిరాడంబరత ప్రాచీనతకు గురుతు కాదని చెరువులోని వుల్ఫియాను చూచినను తెలియును. వేరులేదు, ఆకులేదు, ఆవగింజకన్న చిన్నది. అయినను అది పుష్పించు మొక్క. దానిని ఆదిమమని ఎవరును అనరు.

దిక్కును తేల్చుటకు మొక్క రూపముతో నిమిత్తము లేని సాక్ష్యము కావలెను. కాశ్యప్ 1934లో మరణించినాడు; డి.ఎన్.ఏ. క్రమములను పోల్చు పద్ధతి ఆయన ఎరుగనిది. ఇటీవలి దశాబ్దులలో ఆ పద్ధతిచే కట్టిన వంశవృక్షములలో రిక్సియా లివర్‌వర్టుల మొదటికొమ్మ కాలేదు. మార్కాన్షియేలీస్ నడుమ, గొడుగులు గల జాతులకు దాయాదిగా, బాగుగా లోపలికొమ్మమీద నిలిచినది. రిక్సియా విషయమున కాశ్యప్ గెలిచినాడు. అయితే కాడలును, గొడుగులును ఒకేదారిలో ఒక్కసారి పోలేదు. వేరువేరు కొమ్మలలో వేరువేరుగా పోయినవి. చక్కని వరుసగా పేర్చిన నడిమి రూపములన్నియు తాత, తండ్రి, మనుమడు కావు, పలువురు దాయాదులు.

ఇంకొక సంగతి. లివర్‌వర్టులు, మాసులు, ఆంథోసిరాస్ వర్గము ఈ మూడును ఒకే శాఖ అనియు, ఆ శాఖ నాళికలుగల మొక్కలకు సోదరశాఖ అనియు 2018 తరువాతి పరిశోధనలు పెక్కు సూచించుచున్నవి. మాసులయందును, ఆంథోసిరాస్ వర్గమునందును పత్రరంధ్రములు కలవు, లివర్‌వర్టులకు లేవు. అవి వీనికి మొదటినుండి లేవా, ఉండి పోయినవా అను ప్రశ్నకు పోయినవనువారే నేడు హెచ్చు. కాశ్యప్ ఒక గణమునకు చెప్పిన మాట ఒక వర్గమంతటికి ప్రాకుచున్నదన్నమాట.

తరగతిలో మాత్రము రిక్సియాను మొదట చెప్పుట మానవలసిన పనిలేదు. వానకాలమున మార్కాన్షియా మైదానపు ఊళ్లలో సులభముగా దొరకదు, రిక్సియా దొరకును. ముదిరిన థాలస్‌ను బ్లేడుతో అడ్డముగా కోసి చూచినచో నల్లని చుక్కలవలె గుళికలు కనబడును. ఆ చుక్కలకు కాడ లేదని పిల్లలు గమనించిన పిదప, ఇంకను రాలేదా లేక పోయినదా అని వారినే అడుగవచ్చును.