నలిగిన చీరలు

మా బీరువా అడుగు అరలో పదకొండు చీరలున్నాయి. కట్టుకోవడానికి పనికిరావు, పారేయడానికి మనసొప్పదు. అంచులు చివికినవి కొన్ని, కొంగులు వెలిసినవి కొన్ని. ఒకదాన్నైతే వెలుతురుకి అడ్డంగా పట్టుకుంటే అవతలి కిటికీ ఊచలు లెక్కపెట్టొచ్చు. వాటిని స్టీలు సామాన్లవాడికి వేసి ఒక గిన్నైనా తెచ్చుకోమని మా ఆయన మూడేళ్ళుగా పోరుతున్నారు. మొన్న ఆ అర తెరిచి చీరలన్నీ హాల్లో నేలమీద పరిచాక గానీ ఆయనకి సంగతి బోధపడలేదు. కిక్కురుమనకుండా కుర్చీలు పక్కకి జరిపారు.

మా అమ్మాయికి తొమ్మిదో నెల. తొలి కాన్పు పుట్టింట్లోనే కాబట్టి హైదరాబాద్ నుంచి తెనాలి తెచ్చుకున్నాం. ఎనిమిదో నెలలో మనిషిని కదపకూడదని మా అమ్మ పట్టు. అమ్మాయి లెక్క వేరు. 26 వారాల సెలవులో కాన్పుకి ముందు వాడుకోగలిగేది ఎనిమిది వారాలే, అందులోనూ ఎన్ని మిగిల్చుకుంటే అన్ని రోజులు బిడ్డ దగ్గర ఉండొచ్చని దాని ఆశ. ఎవరి కారణం వాళ్ళదే అయినా ఇద్దరి లెక్కలూ ఒకే రైలు టిక్కెట్టు దగ్గర కలిశాయి. అది ఇంకా లాప్‌టాప్ ముందు కూచుని పని చేసుకుంటూనే ఉంది. నేను పక్కన కూచుని బొంత కుడుతున్నాను. మా అమ్మ పడక కుర్చీలోంచి ఇద్దరికీ వంకలు పెడుతోంది.

మా చిన్నప్పుడు వీధిలోకొచ్చి, అరుగుమీద కూచుని, పెద్ద బొంతలు కుట్టిపెట్టి బియ్యమో డబ్బులో పట్టుకెళ్ళే ఆడవాళ్ళుండేవారు. పసిపిల్లల బొంత మాత్రం మా ఇంట్లో వాళ్ళకిచ్చేవారు కాదు. అది అమ్మమ్మో అమ్మో కుట్టాలి. ఎందుకని అడిగితే జవాబు లేదు. కుట్టడం మొదలెట్టాక నాకు తెలిసిందేమిటంటే, అందులో పనితనం కన్నా చాదస్తం ఎక్కువ కావాలి. డబ్బుకి కుట్టేవాళ్ళు అంత చాదస్తం పడితే వాళ్ళకి పూట గడవదు.

ముందు చీర చూసుకోవాలి. నేత చీరే కావాలి, అదీ ఎన్ని చాకిరేవులు చూస్తే అంత మంచిది. జరీ ఉంటే కోసేయాలి, ఫాల్ విప్పేయాలి. గంజి పూర్తిగా వదిలేదాకా వేణ్ణీళ్ళలో నానబెట్టి ఉతికి, మంచి ఎండ తగలనివ్వాలి. ఐదున్నర మీటర్ల చీరలో చివికిన చోట్లు తీసేస్తే ఒక చిన్న బొంతకి సరిపడా ముక్కలొస్తాయి. మిగిలింది గోచీలకీ, ఒళ్ళు తుడిచే గుడ్డలకీ పోతుంది. వేసవి పురుడైతే మూడు పొరలు, చలికాలమైతే ఐదు. కుట్టు నడిమధ్య నుంచి అంచుల వైపు నడవాలి. అంచుల నుంచి మొదలెట్టారా, చివరికి మధ్యలో బుడిపె లేస్తుంది, పసివాళ్ళ వీపుకి అది రాయితో సమానం. దారం ముడి పొరల మధ్యకి పోవాలి తప్ప పైకి కనపడకూడదు.

అన్నిటికన్నా కఠినమైన నియమం సూదులది. రెండే సూదులు తియ్యాలి. లేచే ముందు రెండూ డబ్బాలో పడాలి. డబ్బా మూత పెట్టాకే బొంత మడవాలి. మా అమ్మకి ఇప్పుడు ఎనభై రెండు, సూదిలో దారం ఎక్కించలేదు. కానీ సాయంత్రం నేను లేవగానే కుర్చీలోంచి ఒకే ప్రశ్న: “రెండూ ఉన్నాయా?”

ఇంత తతంగం ఎందుకు, గుడ్డ పక్కలు వందల రకాలు దొరుకుతుంటే అని అమ్మాయి మొదట్లో అంది. అది ఫోన్లో బోలెడన్ని వస్తువులు ఎంచి పెట్టుకుంది, కొనడమే తరువాయి. వాళ్ళ అమ్మమ్మ పడనివ్వలేదు. పుట్టకముందే కొత్తవి కొనకూడదు, పుట్టాక కూడా పురిటి స్నానందాకా పాతగుడ్డలే చుట్టాలి. నేనూ ఒకప్పుడు దాన్ని ఉత్త మూఢనమ్మకమనే కొట్టిపారేశాను. ఈ చీరలు కత్తిరిస్తుంటే వేరేగా తోచింది. కడుపు పండిన ప్రతిసారీ ఒళ్ళో బిడ్డ ఉంటుందన్న భరోసా లేని రోజుల్లో పుట్టిన పద్ధతి ఇది. కొని తెచ్చిన కొత్త చొక్కాని ట్రంకుపెట్టెలో దాచుకోవాల్సి వస్తే ఆ పెట్టె మళ్ళీ తెరవలేరు. పాత చీరదేముంది, మళ్ళీ పాత చీరే అయిపోతుంది. ఎవరూ దేనికోసం ఎదురుచూసినట్టు ఆనవాలు మిగలదు. మా అమ్మ నాకన్నా ముందు ఒకర్ని పోగొట్టుకుందని నాకు పెళ్ళయ్యాక గానీ తెలియలేదు. ఆ బిడ్డకి కుట్టిన బొంతమీదే నేను పెరిగానట.

ఇంతకీ నన్ను కలవరపెట్టేది వేరే ఉంది. పుట్టబోయే బిడ్డకి మనం పడే హడావిడికి అంతు లేదు. సీమంతం, చేతినిండా గాజులు, కడుపు చలవకి చలిమిడి, బాలింతకి సొంఠిపొడి, కాయం, వెల్లుల్లి కారం. అన్నిటికీ కొలతలున్నాయి, ఎవరు తేవాలో ఎవరు పెట్టాలో వరసలున్నాయి. వీటన్నిటి మధ్యా ఉన్న ఆ ఒక్క రోజు గురించి మాత్రం నాకెవరూ ఏమీ చెప్పలేదు. నొప్పులంటే ఎలా ఉంటాయి, ఎంతసేపుంటాయి, అప్పుడు నేనేం చెయ్యాలి? “అందరూ కనట్లేదా” అన్నారు. అదొక్కటే నాకు ముట్టిన చదువు.

1994లో నా వంతు వచ్చింది. ఏ ఆసుపత్రో చెప్పను, అప్పట్లో అన్నీ ఇంచుమించు అలాగే ఉండేవి. తెల్లవారుజామున తీసుకెళ్ళారు. మా అమ్మని గుమ్మం దగ్గరే ఆపేశారు. ఇనుప బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టి కదలొద్దన్నారు. నొప్పి నడుములో మొదలై ముందుకి చుట్టుకొస్తుందని ఎవరూ చెప్పలేదు గనక నడుముకేదో అయిందనుకున్నాను. అరిస్తే ఒకావిడ నోటికొచ్చిన మాట అంది. ఆ మాట నేనిక్కడ రాయను, ఆ గదిలోకి వెళ్ళొచ్చిన చాలామంది ఆడవాళ్ళకి అది తెలుసు. పదహారు గంటలు. అన్ని గంటల్లో ఒక్కసారైనా, ఇంకెంతసేపు అనడిగితే చెప్పినవాళ్ళు లేరు. ఇక జన్మలో మళ్ళీ కననని ఒట్టేసుకున్నాను. ప్రసూతి వైరాగ్యమని మనవాళ్ళు నవ్వుతూ అనేది దాన్నే. నా వైరాగ్యం నిలిచింది. మాకు ఒక్కతే కూతురు.

ఇది ఎప్పుడూ దానికి చెప్పలేదు. పోయిన వారం మధ్య వరస కుడుతుండగా లాప్‌టాప్ మూసి అడిగింది: “అమ్మా, నన్ను కన్నప్పుడు నువ్వు భయపడ్డావా?” ఎదురుగా కూచుని మొహంలోకి చూస్తూ అడిగుంటే, లేదనే బొంకేదాన్ని. కళ్ళు కుట్టు మీదుండటం వల్ల చెప్పగలిగాను. మొత్తం చెప్పాను. మా అమ్మ కుర్చీలో కళ్ళు మూసుకునే ఉంది, కానీ నేను ఆగిన చోట అందుకుంది. తన కాన్పులు ఇంట్లోనే జరిగాయట, మంత్రసాని లేచి తిరగమనేదట, నొప్పి వచ్చినప్పుడు వాసానికి కట్టిన తాడు పట్టుకుని గొంతుక్కూచోమనేదట. “పడుకుంటే బిడ్డెలా దిగుతుందే?” అంది, నా 1994ని తప్పుపడుతున్నట్టు.

అమ్మాయి నవ్వింది. దాని డాక్టరూ అదే చెప్పిందట: నొప్పులు మొదలయ్యాక వీలైనంతసేపు నడవమని, కూచోమని, నచ్చినట్టు ఉండమని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సూచనల్లోనూ ఆ మాట ఉంది. గర్భసంచి మూతి గంటకో సెంటీమీటరు చొప్పున తెరుచుకోవాలన్న పాత కొలబద్దని కూడా అందులో పక్కన పెట్టమన్నారు. ఐదు సెంటీమీటర్లు దాటాకే నొప్పులు గట్టిగా ఊపందుకున్నట్టు లెక్క, తొలి కాన్పుకి అక్కడినుంచి పన్నెండు గంటల దాకా పట్టినా మామూలే. ఇది విన్నాక నాకు ముప్ఫై ఏళ్ళ తర్వాత ఒక జవాబు దొరికినట్టయింది. నా పదహారు గంటల్లో ఎక్కడా విడ్డూరం లేదు. చెప్పేవాళ్ళు లేకపోవడమే విడ్డూరం.

చెప్పేవాళ్ళు లేక కాదు, ఒకావిడ ఏనాడో రాసిపెట్టింది. బెజవాడలో వైద్యం చేసి, 1957లో అక్కడినుంచే లోక్‌సభకి వెళ్ళిన డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ ప్రసూతి, శిశుపోషణ గురించి తెలుగులో ఏకంగా పుస్తకమే రాశారు. మా ఇళ్ళల్లో అలాంటి పుస్తకాలు పెళ్ళికాని పిల్లల చేతికి ఇచ్చేవారు కాదు. పెళ్ళయ్యాక ఎవరికీ గుర్తుండేవి కాదు.

ఈసారి గుమ్మం దగ్గర ఎవరూ ఆగక్కర్లేదు. కాన్పు గదిలోకి తోడుగా ఒకరిని రానివ్వాలని ప్రభుత్వాసుపత్రుల కోసం 2017 చివర్లో తెచ్చిన ‘లక్ష్య’ కార్యక్రమంలోనే ఉంది. అమ్మాయి ముందే ఆసుపత్రి వాళ్ళని అడిగి ఖాయం చేసుకుంది. తోడు ఎవరన్నదానిమీద మా ఇంట్లో చిన్న సభ జరిగింది. అల్లుడు, “అత్తయ్యా, మీరుంటేనే దానికి ధైర్యం” అన్నాడు. నేను, “నువ్వే ఉండు బాబూ” అన్నాను. నిజం చెప్పొద్దూ, ఆ గదిలోకి మళ్ళీ అడుగుపెట్టడానికి నాకే ధైర్యం చాలట్లేదు. అతను సెలవు పెట్టుకుని వస్తున్నాడు. నడుము ఎక్కడ నొక్కాలో వీడియో చూసి నేర్చుకుంటున్నాడట, పరుపుమీద సాధన కూడానట.

ఈలోగా మా పెదబావగారింటి నుంచి ఫోన్. ఫలానా తేదీన నక్షత్రం దివ్యంగా ఉంది, ఎలాగూ నెలలు నిండాయిగా, ఆపరేషన్ పెట్టించేస్తే పోలేదా అని. ఆ సలహాకి నేనేం ఆశ్చర్యపోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద సిజేరియన్లు 21.5 శాతముంటే, ఆంధ్రలో 42.4, తెలంగాణలో 60.7. కోత అవసరమై ప్రాణాలు నిలిచినవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు, దాన్ని నేను చిన్నచూపు చూడను. ముహూర్తానికి కోయించడమే నాకు మింగుడుపడదు. పంచాంగం బిడ్డ పుట్టాక తీసేది. తొమ్మిది నెలల తొమ్మిది రోజులని మనవాళ్ళు ఏనాటి నుంచో అంటున్నారు. ఆఖరి నెలసరి మొదటిరోజు నుంచి 280 రోజులని డాక్టర్లు కట్టే లెక్క తొమ్మిది నెలల ఏడు రోజులకి వస్తుంది. రెండు రోజుల తేడా. ఆ రెండు రోజులూ బిడ్డకి వదిలేస్తే పోయేదేముంది?

సంచీ సర్దడం అమ్మాయి పని. ఫైలు, స్కాన్ రిపోర్టులు, ఆధార్, బీమా కార్డు, ముందువైపు బొత్తాలున్న నైటీలు, ప్యాడ్లు, ఛార్జరు. ఫ్రిజ్ మీద వాళ్ళ నాన్న కోసం పెద్ద అక్షరాలతో కాగితం అంటించింది: ఉమ్మనీరు పోతే, రక్తం కనపడితే, బిడ్డ కదలికలు తగ్గితే, తలనొప్పితో కళ్ళు మసకబారితే, నొప్పులొచ్చేదాకా ఆగొద్దు, వెంటనే బయల్దేరాలి. కింద 108. ఆయన రోజూ మంచినీళ్ళకి వెళ్ళినప్పుడల్లా అది చదివి ఒకసారి కారు తాళం జేబులో ఉందో లేదో తడుముకుంటారు.

మా అమ్మ జాబితాలో కొన్ని కొట్టివేతలు పడ్డాయి. తల గుండ్రంగా రావడానికి ఆవాల దిండు వద్దంది అమ్మాయి, పసివాళ్ళకి అసలు దిండే వద్దని డాక్టరు మాట. వస, కాటుక, ముక్కులో నూనె కూడా పోయాయి. ముర్రుపాలు పిండి పారబోసే కాలం మా అమ్మ హయాంలోనే చెల్లిపోయింది గనక దానిమీద గొడవ రాలేదు. బొంత సంగతి వచ్చేసరికి నాకు గుండె దడదడలాడింది. అమ్మాయి డాక్టరుకి ఫోన్ చేసి అడిగింది. కింద పలచగా, ముడతల్లేకుండా పరవొచ్చట, మొహం మీదికి జారేలా పైన కప్పకూడదట, వెల్లకిలా పడుకోబెట్టాలట. అయితే మూడు పొరలే అన్నాను. నాలుగోది విప్పేశాను.

ఇప్పుడు రాత్రి పదిన్నర. సాయంత్రం అమ్మాయి నా దగ్గర సూది లాక్కుని ఒక వరస కుట్టింది. కుట్లు వంకరటింకర, ఒకటి వేలెడు, ఒకటి గోరంత. విప్పి మళ్ళీ కుడదామని చెయ్యి వెళ్ళింది గానీ ఆపుకున్నాను. పొద్దుట్నుంచి దానికి కడుపు అప్పుడప్పుడు రాయిలా బిగిసి వదులుతోంది. నడిస్తే తగ్గుతోంది. దొంగ నొప్పులని మా అమ్మ ఇక్కడినుంచే తేల్చేసింది. అయినా అమ్మాయి ఫోన్లో నిమిషాలు రాసుకుంటూనే ఉంది.

ఈ కాలమ్ పంపేసి బొంత మడుద్దామని చూస్తే డబ్బాలో ఒక్క సూదే ఉంది. పడక కుర్చీలోంచి ప్రశ్న రానే వచ్చింది. “ఒకటే ఉందే అమ్మా” అన్నాను. దీపాలన్నీ వేయించింది. అల్లుడితో ఫోన్ మాట్లాడుతున్న అమ్మాయిని కదలకుండా నిలబెట్టింది. మా ఆయన అయస్కాంతం కోసం స్టోర్ రూమ్‌లోకి వెళ్ళారు. నేను బొంతని మళ్ళీ నేలమీద పరిచి, నడిమధ్య నుంచి అంచుల వైపు అరచేత్తో తడుముతున్నాను.