షోరూమ్‌లో దొరకని 383

షెవర్లే స్మాల్ బ్లాక్ వి8ని మించిన ఇంజిన్ ఇంతవరకూ పుట్టలేదు. ఫోర్డు వీరాభిమానులు మన్నించాలి, మన్నించకపోయినా సరే. 1955లో 265 క్యూబిక్ అంగుళాలతో మొదలైన ఈ వంశంలో 283, 327, 350, 400 వరసగా వచ్చాయి. అన్నిట్లోనూ సిలిండర్ల మధ్య దూరం 4.4 అంగుళాలే. అందుకే కాస్త పనిచేస్తే ఒకదాని క్రాంక్‌షాఫ్ట్ ఇంకోదాని బ్లాకులో కూర్చుంటుంది. అమెరికా హాట్ రాడ్ మెకానిక్కులు ఈ గుట్టు ఎప్పుడో పట్టేశారు.

క్రాంకు మారితే స్ట్రోక్ మారుతుంది, అంటే పిస్టన్ పైనుంచి కిందికి దిగే దూరం. 327 బ్లాకులో 283 క్రాంకు పెడితే స్ట్రోక్ 3.25 నుంచి 3 అంగుళాలకు తగ్గి 302 వస్తుంది. ట్రాన్స్-యామ్ రేసుల్లో 305 దాటకూడదని అప్పటి నియమం. షెవర్లే ఇంజినీరు విన్స్ పిగిన్స్ పట్టుబట్టి 1967 కమారో జెడ్/28కి ఈ కొలతే తెప్పించాడు. స్ట్రోక్ తగ్గితే సత్తా తగ్గుతుందనేవాళ్లకు రేసర్ మార్క్ డోనహ్యూ పేరు చెబితే చాలు. 1968 ట్రాన్స్-యామ్‌లో ఆ కమారోతోనే 13 రేసులకు 10 గెలిచాడు. మరుసటి ఏడాదీ ఛాంపియన్‌షిప్ షెవర్లేదే!

నా మనసు మాత్రం 383 మీదే. ఏ షెవర్లే కారూ షోరూమ్ నుంచి దానితో బయటికి రాలేదు. 350 బ్లాకును 0.030 అంగుళం రీబోర్ చేసి, 400 క్రాంకు పెడితే వచ్చేదది. స్ట్రోక్ 3.48 నుంచి 3.75 అవుతుంది. చిక్కల్లా క్రాంకు బ్లాకులో కూర్చుని తిరిగే మెయిన్ జర్నల్ దగ్గరే: 400 క్రాంకుది 2.65 అంగుళాలు, 350లో ఉన్న చోటు 2.45కే. మిగిలింది గ్రైండింగ్‌లో పోవాలి. జర్నల్ అంచున గుండ్రటి వంపు ఉంచకుండా పదునుగా కోసేస్తే పగులు పుట్టేది అక్కడే. గ్రైండర్ పనితనం ఆ వంపులో తెలిసిపోతుంది.

ఇక పిస్టన్‌ను క్రాంకుకు కలిపే రాడ్లు. స్ట్రోక్ 0.27 పెరిగితే పిస్టన్ అందులో సగం, 0.135 అంగుళం పైకి లేస్తుంది. 400 రాడ్డు సరిగ్గా అంతే పొట్టి, 5.7కి బదులు 5.565! ఆ ఇంజినీర్లకు దణ్ణం పెట్టాలి. 5.7 రాడ్డే కావాలంటే పిన్ను పైకి జరిపిన పిస్టన్లు వెతుక్కోవాలి. రాడ్ బోల్టు తగిలేచోట బ్లాకు అడుగున గాడి తీస్తారు. పనిమంతుడు క్రాంకును చేత్తో మెల్లగా తిప్పుతూ, బోల్టుకూ బ్లాకుకూ మధ్య పేపర్ క్లిప్ తీగ దూర్చి చూస్తాడు. పట్టేస్తే విప్పి మళ్లీ చెక్కుతాడు. క్యామ్‌షాఫ్ట్ దగ్గరా అదే తంతు.

ఇప్పుడిదంతా అట్టపెట్టెలో వస్తోంది. 350కి సరిపోయేలా పోతపోసిన చౌక క్రాంకు, రాడ్లు, పిస్టన్లు కలిపి కిట్టు. సౌకర్యమే, కాదనను. కానీ ఏదీ కొలవకుండా బిగించేసి 383 అని అమ్ముకోవడమేమిటి? 400 క్రాంకు బ్యాలెన్స్ కొంత బయట, డ్యాంపర్‌లోనూ ఫ్లైవీల్‌లోనూ ఉంటుంది. పాత 350వే తగిలించి వదిలేస్తే ఇంజిన్ వణికి వణికి బేరింగులు పోతాయి. కొన్నవాడేమో స్మాల్ బ్లాకును తిడతాడు. ఒళ్లు మండేది అందుకే.

అమెరికాలో పాత షెవర్లేల మోజున్న మన కుర్రాళ్లకు ఒక మాట. 400 ఇంజిన్ 1980తోనే ఆగిపోయింది. దాని క్రాంకు దొరికితే తుక్కుకు వేయకండి, పగుళ్ల పరీక్ష చేయించి మంచి గ్రైండర్‌కి అప్పగించండి. ఎవడైనా 383 అని అమ్మజూపితే ప్లగ్గు తీసి స్ట్రోక్ కొలిచి చూపించమనండి. 3.75 రాకపోతే జేబులో చెయ్యి పెట్టకండి.